ఫస్ట్ టైమ్ గోల్ఫ్ ఆడబోతున్నా, సన్నీవేల్ సంకెన్ గార్డెన్స్‌లో 9 హోల్స్... పరువు పోకుండా బయటపడే దారి చెప్పండి

తెనాలి_టు_సన్నీవేల్:

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా ఇది గోల్ఫ్ గురించి, నవ్వుకునేవాళ్ళు నవ్వేసుకుని తర్వాత రిప్లై ఇవ్వండి. మా టీమ్‌లో ముగ్గురు శనివారం పొద్దున్నే సంకెన్ గార్డెన్స్‌కి వెళ్తున్నారు, నాలుగోవాడికి ఏదో పని పడిందంట, ఆ ఖాళీలోకి నన్ను లాగారు. మొహమాటానికి "ష్యూర్" అనేశా. ఇప్పుడు మంగళవారం రాత్రి పదకొండున్నరకి కూర్చుని గ్రిప్ వీడియోలు చూస్తున్నా, ఒకడేమో చిటికెన వేలు మెలేసి పట్టుకోమంటాడు ఇంకోడు అలా పట్టుకుంటే జన్మలో నేర్చుకోలేవంటాడు.

నా చరిత్ర ఏంటంటే, తెనాలిలో టెన్నిస్ బాల్ క్రికెట్, అది కూడా ఏడో నంబర్లో దిగేవాడిని. ప్రాక్టీస్ చేసే గోల్ఫ్ రేంజ్‌కి ఇప్పటిదాకా మూడుసార్లు వెళ్ళా, మూడుసార్లూ పెద్ద బకెట్ బంతులు తీసుకుని మొత్తం, దూరం కొట్టే పొడుగు క్లబ్ ఉంటుందే, ఆ డ్రైవర్‌తోనే బాదా. పదింట్లో మూడు గాల్లోకి లేస్తాయి, నాలుగు మధ్యలోంచి కుడిపక్కకి టర్న్ తీసుకుని వెళ్ళిపోతాయి, మిగతావి నేలమీద పాక్కుంటూ పోతాయి. ఒకసారైతే బంతి కదల్లేదు, కింద పెట్టిన టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మాత్రం ఎగిరిపోయింది. అసలు గడ్డి మీద ఇంతవరకు కొట్టనే లేదు, అంతా ఆ పచ్చ చాప మీదే.

వాళ్ళు "ఇది చిన్న కోర్సు, బిగినర్స్‌దే, టెన్షన్ పడకు" అంటున్నారు, కానీ చిన్నదైతే జనం దగ్గర దగ్గరగా ఉంటారు కదా, నా బంతి తగిలి ఎవరికైనా ఏదైనా అయితే? ఏం వేసుకెళ్ళాలి, ఎన్ని క్లబ్బులు కావాలి, నా దగ్గర సెట్ లేదు, కొనాలా అద్దెకి తీసుకోవాలా? వెనకాల వేరే గ్రూప్ వచ్చి నిలబడితే ఏం చెయ్యాలి? స్కోర్ ఎలా వేస్తారు? అన్నిటికన్నా పెద్ద భయం మొదటి షాట్, అందరూ చుట్టూ నిలబడి చూస్తారంట కదా. మా ఆవిడ ఆల్రెడీ "వీడియో తీయించుకుని రా" అంటోంది.

ఫ్రీమాంట్_బాబాయ్:

అబ్బాయ్, కంగారు పడకు. పన్నెండేళ్ళ నుంచి ఆడుతున్నా, ఇప్పటికీ నాకు పేపర్లో పేరు రాలేదు, కాబట్టి నేను చెప్పేది ఆడటం గురించి కాదు, ఎలా ఆడితే పక్కవాడు మళ్ళీ పిలుస్తాడో దాని గురించి.

ముందు ఆ కోర్సు లెక్క తెలుసుకో. 9 హోల్స్, పార్ 29. పార్ అంటే బాగా ఆడేవాడికి పట్టాల్సిన దెబ్బల లెక్క. అంటే ఏడు పార్-3లు, రెండు పార్-4లు. మొత్తం పొడుగు పదిహేను వందల గజాల చుట్టూ ఉంటుంది. మామూలు పెద్ద కోర్సులో నాలుగు హోల్స్ ఆడితే దాదాపు ఆ దూరం అయిపోతుంది. ఇప్పుడు అసలు సంగతి విను. పార్ అనే లెక్కలో ఒక్కో గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద రెండేసి పుట్లు (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బలు) ముందే కలిపి ఉంటాయి. తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది. అంటే 29లో 18 పుట్లే! మిగిలిన పదకొండు షాట్ల కోసం నువ్వు మూడు బకెట్లు డ్రైవర్‌తో బాదావు, ఆ పద్దెనిమిదింటి కోసం ఒక్కసారి కూడా పుట్టర్ పట్టుకోలేదు. కరెక్టేనా?

అందుకని బుధ, గురు, శుక్ర మూడు సాయంత్రాలు ఉన్నాయి నీకు. రేంజ్‌కి వెళ్ళినా బకెట్ చిన్నది తీసుకో, సగం టైము ప్రాక్టీస్ గ్రీన్ మీద గడుపు, చాలాచోట్ల దానికి డబ్బులు కూడా తీసుకోరు. హోల్ వెడల్పు ఎక్కడైనా 4.25 అంగుళాలే, మన ఇంట్లో చట్నీ వేసుకునే స్టీలు గిన్నెంత ఉంటుంది. మూడడుగుల దూరం నుంచి అందులో పడేసే అలవాటు చేసుకో. తర్వాత ముప్పై అడుగుల నుంచి కొట్టు, కానీ అది పడాలని కాదు, గిన్నె పక్కన ఆగాలని. దూరం నుంచి వేసే పుట్‌లో కొత్తవాళ్ళకి దెబ్బ తగిలేది దిశలో కాదు, బలంలో. ఒకటి పది అడుగులు ముందే ఆగిపోతుంది, తర్వాతది పన్నెండు అడుగులు దాటిపోతుంది, అలా నాలుగు పుట్లు అయిపోతాయి, అక్కడే ఏడుపొస్తుంది.

క్లబ్బులు. రూల్ ప్రకారం గరిష్ఠం 14, కనిష్ఠం ఇంత అని ఎక్కడా లేదు. నువ్వు 7 ఐరన్, 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్, సాండ్ వెడ్జ్, పుట్టర్ ఈ అయిదూ పట్టుకెళ్ళు చాలు. డ్రైవర్‌ని ఇంట్లోనే పడుకోబెట్టు, దానికీ రెస్ట్ కావాలి. ఇప్పుడే కొనకు, అద్దెకి తీసుకో లేదా ఆ ముగ్గురిలో ఎవడి దగ్గరైనా పాత సెట్ ఉంటుంది అడుగు, గోల్ఫ్ ఆడే ప్రతివాడి గరాజ్‌లో ఒక పాత సెట్ దుమ్ము కొట్టుకుపోతూ ఉంటుంది. బంతులు మాత్రం ఒక డజను పట్టుకెళ్ళు, చవకవి. ఖరీదైన బంతి పోతే ఆట మీద కన్నా ఆ బంతి మీదే మనసు ఉంటుంది.

మొదటి షాట్ సంగతి. 7 ఐరన్ తీసుకో, పార్-3లో కూడా టీ పెట్టుకోవచ్చు, కొంచెం అంటే గడ్డి మీద అర అంగుళం కనపడేలా. ముప్పావు స్వింగ్ చాలు. చూసేవాళ్ళు నిన్ను చూడరు బాబూ, వాళ్ళ షాట్ ఎలా కొట్టాలా అని లోపల్లోపల వాళ్ళ ఏడుపు వాళ్ళు ఏడుస్తుంటారు. నేలమీద పాకిందా, నవ్వేసి బ్యాగ్ ఎత్తుకుని నడువు. అక్కడే నిలబడి గాల్లో ఇంకో నాలుగు ప్రాక్టీస్ స్వింగులు వేసి "అయ్యో తల ఎత్తేశా" అని పోస్ట్‌మార్టమ్ చేశావంటే అప్పుడు మాత్రం నిజంగా చూస్తారు.

వెనక గ్రూప్ గురించి అడిగావు, ఇదే ముఖ్యం. బాగా ఆడనివాడిని ఎవరూ ఏమీ అనరు, నెమ్మదిగా ఆడేవాడిని అంటారు. పార్-3లో ఆరు కొట్టినా గిన్నెలో పడలేదా, బంతి తీసి జేబులో వేసుకో, ఆరు రాసుకో. ఇది దొంగాట ఏమీ కాదు, 2019లో రూల్స్ మార్చినప్పుడు హోల్‌కి ఇన్ని దెబ్బలే గరిష్ఠం అని పెట్టుకుని ఆడే పద్ధతిని కూడా పుస్తకంలో చేర్చారు. బంతి వెతకటానికి అప్పటిదాకా ఉన్న అయిదు నిమిషాల్ని కూడా మూడు చేశారు. నువ్వైతే ఒక నిమిషం చూడు, దొరక్కపోతే ఇంకోటి పడేసి కొట్టు. ఎవరు రెడీగా ఉంటే వాళ్ళు కొట్టడమే, దూరంగా ఉన్నవాడే ముందు కొట్టాలనే పట్టింపు సరదా ఆటలో అక్కర్లేదు.

గుంటూరు_ఘాటు:

బాబాయ్ గారూ ఇంత రాశాక మాకేం మిగిల్చారు 😂

తమ్ముడూ, నేనిచ్చే సలహా ఒకటే, "ఫోర్" అని అరవడం నేర్చుకో. ఇంట్లో బాత్రూమ్‌లో ప్రాక్టీస్ చెయ్. బంతి ఎవరి వైపైనా వెళ్తే గట్టిగా అరవాలి, మనవాళ్ళు మొహమాటపడి "ఎక్స్‌క్యూజ్ మీ" అంటారు, ఈలోపు బంతి వెళ్ళి తగులుతుంది. ఎవరైనా అరిస్తే మాత్రం ఎక్కడా అని తల ఎత్తి చూడకు, రెండు చేతులూ తల మీద పెట్టుకుని వంగిపో.

ఇంక స్కోర్ ఎవడు చూస్తాడు బ్రో, ఏడు కొడితే అయిదు రాసుకో, ఈసీ.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్:

నేను ఒప్పుకోను. సారీ టు సే, ఈ పిల్ల కోర్సుల్లో ఆడితే గోల్ఫ్ రాదు. నేను కూడా న్యూజెర్సీలో మొదటి సంవత్సరం మొత్తం ఒక పార్-3 కోర్సులోనే తిరిగా, అక్కడ ముప్పై నాలుగు, ముప్పై అయిదు అని ఎగిరిపడేవాడిని, తర్వాత ఒక పెద్ద కోర్సుకి వెళ్తే మొదటి హోల్ 410 గజాలు, డ్రైవర్ పట్టుకోవడం రాదు, ఫెయిర్‌వే వుడ్ అంటే ఏంటో తెలీదు, ఆ రోజు నూట ముప్పై తర్వాత లెక్కపెట్టడం మానేశా. నా అభిప్రాయంలో ఒక్కసారి అక్కడ ఆడి చూడు, కానీ తొందరగా బయటపడు, ఒక కోచ్ దగ్గర నాలుగు లెసన్స్ తీసుకుని పెద్దదానికి వెళ్ళిపో.

ఫ్రీమాంట్_బాబాయ్:

ఎడిసన్ గారూ, మీ స్కోరు నూట ముప్పై దాటడానికి ఆ పిల్ల కోర్సు కారణం కాదండీ, అక్కడినుంచి తిన్నగా 410 గజాలకి దూకడం కారణం. మధ్యలో మెట్లు ఉంటాయి. మా దగ్గరే చూడండి, సంకెన్ గార్డెన్స్ తర్వాత కూపర్టినోలో బ్లాక్‌బెర్రీ ఫార్మ్ ఉంది, అదీ 9 హోల్స్, పార్ 29. అదే ఊళ్ళో డీప్ క్లిఫ్ ఉంది, 18 హోల్స్, పార్ 60, ఎగ్జిక్యూటివ్ కోర్సు అంటారు. అక్కడ కొన్నాళ్ళు తిరిగి, ఆ తర్వాత పాలో ఆల్టో బేలాండ్స్ లాంటి ఫుల్ లెంగ్త్ దానికి వెళ్తే నూట పది లోపల ఊపిరి పీల్చుకోవచ్చు.

లెసన్స్ మాటకి మాత్రం ఓటేస్తా. రెండు తీసుకున్నా చాలు, యూట్యూబ్ చూసి నేర్చుకున్న స్వింగ్‌ని మళ్ళీ విడగొట్టడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

పుట్టర్_పద్మ:

నేను కొంచెం లేటుగా వచ్చా, కానీ ఎడిసన్ అన్నయ్య మాటకి సమాధానం చెప్పాలి. నేనూ మా అమ్మాయీ (తనకి పదకొండేళ్ళు) మొదలుపెట్టింది చిన్న కోర్సులోనే, మూడేళ్ళయింది, ఇప్పటికీ నెలకి రెండుసార్లు అక్కడికే వెళ్తాం. మాకు పెద్ద కోర్సుకి వెళ్ళాలని ఆరాటం లేదు. నాలుగున్నర గంటలు ఎండలో తిరిగే తీరిక ఎవరికుంది, శనివారం కూచిపూడి క్లాసు, సాయంత్రం ఎవరిదో ఒకరిది బర్త్‌డే పార్టీ. ఇక్కడైతే గంటన్నర, మహా అయితే రెండు గంటలు, నడిచినట్టూ ఉంటుంది, ఇంటికొచ్చి ఇడ్లీ పెట్టుకునే టైముకి అయిపోతుంది. "అసలైన గోల్ఫ్" పెద్దదే అనే మాట నాకు నచ్చదు. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) పెట్టే పద్ధతిలోనే 2024 నుంచి చాలా చిన్న కోర్సుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు, 9 హోల్స్ కలిపి 750 గజాలున్నా రేటింగ్ ఇవ్వొచ్చు. వాళ్ళకి లేని చిన్నచూపు మనకెందుకు.

ఇంక ఘాటు తమ్ముడు ఏడుని అయిదు రాసుకోమన్నాడు చూశారా, మా అమ్మాయికి ఆ మాట వినిపిస్తే ఊరుకోదు. తనకి సాహిత్ తీగల అంటే పిచ్చి. ప్రొఫెషనల్ గోల్ఫర్, మన తెలుగువాళ్ళబ్బాయే, అమ్మానాన్నా హైదరాబాద్ నుంచి వచ్చారు, పెరిగింది కాలిఫోర్నియా చీనో హిల్స్‌లో, 2023లో నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2024లో టూర్ ఛాంపియన్‌షిప్ ఆడుతూ మూడో రౌండ్‌లో బంకర్ (ఇసుక గుంట)లోంచి కొట్టేటప్పుడు, బ్యాట్ వెనక్కి తీస్తుంటే, అయ్యో క్లబ్ అనాలి కదా 😄, వెనక్కి తీస్తుంటే ఇసుక రేణువులు కొంచెం తగిలినట్టు అనిపించిందని తనే రూల్స్ అఫీషియల్‌ని పిలిచి చెప్పాడు. అలా తగలకూడదు కాబట్టి రెండు షాట్లు పెనాల్టీ వేశారు. అయినా ఆ టోర్నీలో మూడో స్థానం వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో స్కోర్‌కార్డు రాసేది అమ్మాయే, నాకు గాల్లో ఊపి బంతి తగలకపోయినా ఒకటి కలిపేస్తుంది. అవును, తగలకపోయినా లెక్కే, కొట్టాలని ఊపితే చాలు.

మీకు కొన్ని చిన్న విషయాలు, ఇవి ఎవరూ చెప్పరు, తప్పు చేశాకే తెలుస్తాయి. గ్రీన్ మీద వేరేవాళ్ళ బంతికీ హోల్‌కీ మధ్య గీత గీసినట్టు ఊహించుకుని ఆ గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి. బ్యాగూ పుల్ కార్టూ గ్రీన్ మీదకి ఎక్కించొద్దు, తర్వాతి హోల్ మొదలయ్యే టీ వైపు పక్కన పెట్టుకుంటే మళ్ళీ వెనక్కి రాకుండా అటే వెళ్ళిపోవచ్చు. జెండా తియ్యాలా వద్దా అని ఖంగారొద్దు, 2019 నుంచి హోల్‌లో ఉంచేసే పుట్ చెయ్యొచ్చు. బంతి పైనుంచి పడి గ్రీన్ మీద చిన్న గుంట చేస్తే దాన్ని సరిచెయ్యాలి, దానికో చిన్న ఫోర్క్ దొరుకుతుంది. మట్టిని కిందనుంచి పైకి ఎత్తకూడదు, వేళ్ళు తెగిపోతాయి (గడ్డి వేళ్ళు అండీ, మనవి కాదు), చుట్టూ అంచుల్ని మధ్యకి నెట్టి పుట్టర్‌తో తట్టాలి. బట్టలంటారా, కాలర్ టీషర్టు, మామూలు ప్యాంటు, స్నీకర్స్ చాలు. పొద్దున్నే గడ్డి తడిగా ఉంటుంది, ఒక జత సాక్స్ ఎక్స్‌ట్రా కార్లో పడేసుకోండి, బాతుల రెట్టల సంగతి నేను చెప్పను, మీరే చూస్తారు.

లంగర్‌హౌస్_లడ్డు:

అన్నా నేను ఇండియాల ఉంట, మీ అమెరికా కోర్సులు నాకు తెల్వది గని ఒక్క ముచ్చట చెప్పాలె. మా ఇంటికాడికెళ్ళి గోల్కొండ దగ్గరే, నయా ఖిల్లల గోల్ఫ్ కోర్స్ ఉంటది, కోట గోడల నడుమ ఆడుతరు, అటు దిక్కే ఆ పెద్ద బావోబాబ్ చెట్టు, హాతియాన్ ఝాడ్ అంటరు గదా అది కూడ ఉంటది. మా ఆఫీసు పెద్దసారు ఒకపారి గెస్టుగ తీస్కపోయిండు. నేనేమొ చిన్నప్పుడు చిర్రగోనె మస్తుగ ఆడినోన్ని, బస్తీల నన్ను మించినోడు లేడు, ఇదేం పెద్ద కథ అనుకున్న. చిర్రగోనెల చిర్ర గాల్ల ఎగిరినంక కొడ్తం, ఇండ్లనేమొ బంతి సప్పుడు జెయ్యక కూసుంటది, అదే పరేషాన్! కదిలే బంతి కొట్టుడు అల్కగ ఉంటది, ఊకె ఉన్నదాన్ని కొట్టుడే కష్టం, ఎందుకంటే మనకు ఆలోచించేటందుకు టైమ్ దొరుకుతది.

ఆడ క్యాడీ (బ్యాగు మోసెటోడు) ఉంటడు గదా, పెద్దమనిషి, మూడుసార్లు చూసిండు నేను గాలిల ఊపుడు. నాలుగోపారి వచ్చి మెల్లగ చెవుల చెప్పిండు, "సర్, బాల్ కహీఁ నై జాతా, నీచే దేఖో". బంతి యాడికి పోదు, కిందికి సూడు. గంతే. దేవుని మీద ఒట్టు, ఆ తర్వాత కొట్టినవి సగం మంచిగ తగిలినయి. నువ్వు గూడ శనివారం మనసుల అదే అనుకో అన్నా, పది వీడియోలు సూసి ఖరాబ్ కాకు.

డండీ_దోశ:

ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయా. స్కాట్లాండ్‌లో డండీలో ఎంఎస్సీ చేస్తున్నా, గోల్ఫ్ పుట్టిందని చెప్పుకునే సెయింట్ ఆండ్రూస్ మాకు బస్సెక్కితే వచ్చేస్తుంది. అక్కడ ఓల్డ్ కోర్స్ అంటే వాళ్ళకి తిరుమల లాంటిది, కానీ ఆదివారం మామూలుగా ఆట ఉండదు, ఊళ్ళో వాళ్ళు కుక్కల్ని తీసుకుని దాని మీద వాకింగ్ చేస్తారు. మేమూ అలాగే నడిచి అందులో ఉన్న స్విల్కన్ బ్రిడ్జి అనే చిన్న రాతి వంతెన మీద ఫొటో దిగాం, ఇంటికి పంపితే మా నాన్న "ఈ కల్వర్టు దగ్గర ఏముందిరా" అన్నారు.

కానీ నేను చెప్పాలనుకున్నది దాని పక్కన ఉన్నదాని గురించి. "హిమాలయాస్" అని ఒక పుట్టింగ్ గ్రీన్ ఉంది అక్కడ, పేరుకి తగ్గట్టే అంతా ఎత్తుపల్లాలు. 1867లో ఆడవాళ్ళ కోసం పెట్టిన పుట్టింగ్ క్లబ్ అది, ఆ రోజుల్లో ఆడవాళ్ళు క్లబ్‌ని భుజం దాటి ఎత్తి ఊపడం మర్యాద కాదనేవాళ్ళంట. ఇప్పుడు ఎవరైనా కాఫీ డబ్బులంత కట్టి ఆడొచ్చు. మేం నలుగురం తెలుగువాళ్ళం వెళ్ళాం, ఎవరికీ గోల్ఫ్ రాదు, కానీ గోళీలాట వచ్చు కదా, నేలవాలు చూసి బంతి ఎటు జారుతుందో అంచనా వేయడం మనకి చిన్నప్పుడే వచ్చేసింది. పక్కన ఆడుతున్న ఒక పెద్దావిడ ఆగి మమ్మల్ని చూసి మెచ్చుకుంది కూడా. అక్కడే బాల్గోవ్ అని 9 హోల్స్ కోర్సు కూడా ఉంది, పిల్లలకీ కొత్తవాళ్ళకీ అని పెట్టిందే. గోల్ఫ్ పుట్టినచోటే చిన్న కోర్సు పెట్టుకున్నారంటే ఎడిసన్ గారు కొంచెం మెత్తబడాలి 🙂

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్:

మెత్తబడ్డా. కానీ డ్రైవర్ నేర్చుకోవాలి అనేది మాత్రం వెనక్కి తీసుకోను.

తెనాలి_టు_సన్నీవేల్:

అందరికీ థ్యాంక్స్, ఆడేశా, బతికే ఉన్నా. రిపోర్టు ఇస్తా అని ఎవరికీ మాట ఇవ్వలేదు గానీ ఇవ్వకపోతే బాబాయ్ గారికి ద్రోహం చేసినట్టే.

బుధవారం గురువారం ప్రాక్టీస్ గ్రీన్ మీదే ఉన్నా. మొదటి రోజు మూడడుగుల నుంచి పదికి నాలుగు, రెండో రోజు ఏడు పడ్డాయి. శుక్రవారం ఆన్‌కాల్ అయిపోయి వెళ్ళలేదు. క్లబ్బులు మా టీమ్‌మేట్ గరాజ్‌లోంచే వచ్చాయి, బాబాయ్ గారు చెప్పినట్టు నిజంగానే దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి, 9 ఐరన్ గ్రిప్ జిగురు జిగురుగా చేతికి అంటుకుంటోంది.

మొదటి షాట్. మా ముగ్గురు, వెనకాల ఒక నాన్న ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురు చూస్తున్నారు. చెవుల్లో లడ్డూ అన్న క్యాడీ మాట మోగుతోంది, బాల్ కహీఁ నై జాతా. క్లబ్ వెళ్ళి బంతి నెత్తి మీద తగిలింది. గాల్లోకి లేవలేదు గానీ తిన్నగా వెళ్ళింది, ఒక నలభై గజాలు పాకింది. ఎవరూ ఏమీ అనలేదు, ఒకడు మాత్రం "స్ట్రెయిట్ ఉంది" అన్నాడు, అది ఓదార్పో నిజమో తెలీదు. నవ్వేసి బ్యాగ్ ఎత్తుకుని నడిచా. ఆ హోల్ ఆరు.

రెండు, మూడు హోల్స్ తర్వాత చూస్తే వెనక పిల్లలు నాకన్నా ఫాస్ట్‌గా ఆడుతున్నారు, అందులో చిన్నవాడికి తొమ్మిదేళ్ళుంటాయేమో, వాడి బ్యాగ్ వాడి నడుము దాకా ఉంది, అయినా టీ మీద నిలబడితే ఒక్క ప్రాక్టీస్ స్వింగ్, వెంటనే షాట్. మేం పక్కకి జరిగి వాళ్ళని ముందుకి పంపేశాం. వాడు కొట్టింది గ్రీన్ మీద పడింది, మా నలుగురిలో ఒక్కడిది కూడా పడలేదు.

మధ్యలో ఒక పార్-3లో అద్భుతం జరిగింది. పిచింగ్ వెడ్జ్ ముప్పావు స్వింగ్, చేతికి అసలు తగిలినట్టే లేదు, బంతి మాత్రం పైకి వెళ్ళి గ్రీన్ అంచున ఆగింది. అక్కడినుంచి పాతిక అడుగులు ఉంటుంది, మొదటి పుట్ రెండడుగుల దగ్గర ఆగింది, రెండోది పడింది. పార్! నేను అరిచిన అరుపుకి పక్క హోల్ వాళ్ళు ఎవరో "ఫోర్" అనుకుని తల పట్టుకున్నారు. వెళ్ళి సారీ చెప్పి వచ్చా.

మొత్తం స్కోర్ 51. నిజాయితీగా రాసిందే, పద్మ గారూ మీ అమ్మాయికి చెప్పండి, గాల్లో ఊపినవి రెండున్నాయి, రెండూ కలిపా. పార్-4లు రెండింట్లో ఒకదాంట్లో ఎనిమిది దగ్గర బంతి జేబులో వేసుకున్నా. పుట్లు విడిగా లెక్కపెట్టుకున్నా, 21 వచ్చాయి. మిగతావాళ్ళలో ఒకడికి 24 అంట, వాడు రెండేళ్ళ నుంచి ఆడుతున్నాడు! మిగతా 30 షాట్లు ఎక్కడెక్కడికి పోయాయో అడగొద్దు. బంతులు మూడు పోయాయి, రెండు దొరికాయి కానీ అవి నావి కావు.

ఒక డౌట్ మిగిలింది. గ్రీన్ పక్కనే గడ్డిలో బంతి ఉన్నప్పుడు సాండ్ వెడ్జ్ తీస్తే ఒకసారి బంతి కింద మట్టి తవ్వుతున్నా, ఇంకోసారి మధ్యలో తగిలి అవతలికి వెళ్ళిపోతోంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, ఒక హోల్‌లో అయితే గ్రీన్ చుట్టూ ప్రదక్షిణం చేశా. అక్కడే ఎనిమిదో పదో షాట్లు పోయి ఉంటాయి.

ఫ్రీమాంట్_బాబాయ్:

సెభాష్. మొదటిసారి 51 అంటే తక్కువేం కాదు, నాది 60 దాటింది, అప్పుడు జేబులో వేసుకోవాలని చెప్పేవాళ్ళు లేరు.

గ్రీన్ పక్కన ఉంటే సాండ్ వెడ్జ్ తియ్యకు. దాన్ని ఇసుక కోసం చేశారు, బంతిని నిటారుగా లేపుతుంది, కాస్త అటూ ఇటూ అయితే శిక్ష వేస్తుంది. గడ్డి పొట్టిగా ఉండి దారిలో అడ్డం ఏమీ లేకపోతే పుట్టరే తీసుకుని గడ్డి మీంచి దొర్లించెయ్, చూడటానికి నామోషీగా ఉంటుంది గానీ స్కోర్‌కార్డు మీద బొమ్మలు వెయ్యరు. గడ్డి కాస్త ఎక్కువుంటే 9 ఐరన్ తీసుకుని, పుట్టర్ పట్టుకున్నట్టే పట్టుకుని, మణికట్టు కదపకుండా పుట్ కొట్టినట్టే కొట్టు. కొంచెం ఎగిరి గ్రీన్ మీద పడి మిగతాదంతా దొర్లుతుంది. బరువు ఎడమకాలి మీద ఉండాలి, నువ్వు కుడిచేతి వాటమే కదా? బంతిని పైకి లేపాలని నువ్వు ప్రయత్నించకు, ఆ పని క్లబ్ ముఖానికి ఉన్న వాలు చూసుకుంటుంది. నువ్వు లేపబోతే వెనక్కి వాలిపోతావు, అదే మట్టి తవ్వడం.

రాసి చెప్తే అర్థమయ్యేది కాదు ఇది. వచ్చే ఆదివారం సాయంత్రం బ్లాక్‌బెర్రీ ఫార్మ్‌లో మాకు టీ టైమ్ (ఆట మొదలుపెట్టే బుకింగ్) ఉంది, మా నాలుగోవాడు ఇండియా వెళ్ళాడు. వస్తావా? ఒక పావుగంట ముందు వస్తే ప్రాక్టీస్ గ్రీన్ దగ్గర చూపిస్తా. ఆ జిగురు గ్రిప్ ఉన్న 9 ఐరన్ మాత్రం తీసుకురాకు, నాది వాడుకుందువు గాని.

తెనాలి_టు_సన్నీవేల్:

వస్తా బాబాయ్ గారూ. మా ఆవిడ కూడా వస్తానంటోంది, ఆడటానికి కాదంట, వీడియోకి.